బరంపురంలో సముద్రపు ట్యాంకుల మీట్ - వెళ్ళొచ్చాక నా రివ్యూ

ఏడాదిన్నర నుంచి నా ట్యాంకులో ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీళ్ళలో 35 పాళ్ళ ఉప్పు) ఉందనుకుంటున్నా, కాదు, 32. ఈ సంగతి తెలిసింది మొన్న జనవరిలో బరంపురంలో జరిగిన సముద్రపు ఆక్వేరియం వాళ్ళ మీట్‌లో, పొద్దున పదిన్నరకి, హాలు గుమ్మం పక్కన వేసిన ఒక చిన్న టేబుల్ దగ్గర. టికెట్ 300 పెట్టి లోపలికెళ్ళా, ఆ ఒక్క టేబుల్‌తోనే నా 300 గిట్టుబాటైపోయాయి. అందుకే ఈ రివ్యూలో స్టాళ్ళ గురించి కొంచెమే ఉంటుంది, ఆ టేబుల్ గురించీ మధ్యాహ్నం తుఫాను సెషన్ గురించీ ఎక్కువ ఉంటుంది, ముందే చెప్తున్నా.

మేం నలుగురం వెళ్ళాం. నేను గేట్ బజార్ వైపు ఉంటా కాబట్టి ఆటోలో పది నిమిషాలు. ఇచ్ఛాపురం నుంచి మా బావ వచ్చాడు, నన్ను ఈ ఉప్పునీళ్ళలోకి దింపింది అతనే. పర్లాకిమిడి నుంచి మాస్టారు, హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యారు, తెల్లారకుండానే బస్సెక్కి వచ్చారు, ఒళ్ళో థర్మకోల్ డబ్బా. రాయగడ నుంచి ఒక తమ్ముడు, ఇంకా ట్యాంకు పెట్టలేదు, పెట్టేముందు నలుగుర్నీ చూసి నేర్చుకుందామని ముందురోజే వచ్చి మా ఇంట్లో పడుకున్నాడు. ఇన్నాళ్ళూ మా నలుగురి మాటలూ ఫోన్లలోనే, "మాస్టారూ నైట్రేట్ 40 దాటింది, ఏటి చెయ్యమంటారు" అని ఒకళ్ళు, "బావా నీ స్కిమ్మర్ నురగ ఫొటో పెట్టు" అని ఇంకోళ్ళు (స్కిమ్మర్ అంటే నురగ రేపి నీళ్ళలో మురికి తీసేది). మన వైపు ఈ హాబీ అంటే అంతే కదా, ఊళ్ళో గోల్డ్ ఫిష్ షాపులు ఉన్నాయి గానీ రీఫ్ సాల్ట్ (పగడాల ట్యాంకుకి సముద్రపు నీళ్ళు కలుపుకునే ఉప్పు) బకెట్ కావాలంటే వైజాగ్ నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించుకోవాలి, చేపకి బాగోలేకపోతే అడగడానికి పక్కవీధిలో మనిషుండడు. అలాంటిది ఒకే హాల్లో నూట యాభై మంది దాకా, అందరికీ ఇదే పిచ్చి, సగం ఒడియా సగం తెలుగు, మాట ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగించేవాళ్ళు కూడా, బరంపురంలో అది మామూలే. అమెరికాలో మాక్నా అని 1980ల చివర్లో మొదలైన పెద్ద ఆక్వేరియం కాన్ఫరెన్స్ ఒకటి, దాని వీడియోలు చూసి నోరెళ్ళబెట్టేవాణ్ణి. ఇది ఆ స్థాయి కాదు, కల్యాణ మండపం హాలు, పద్దెనిమిది టేబుళ్ళు, ఒక ప్రొజెక్టర్. అయినా ఇది మన నీళ్ళ గురించి, మన ఎండ గురించి, మన కరెంటు గురించి మాట్లాడిన మీట్.

ఇప్పుడు ఆ టేబుల్ సంగతి. మీ రిఫ్రాక్టోమీటర్ (నీళ్ళలో ఉప్పు కొలిచే మీటర్) తెచ్చుకోండి, ఉచితంగా చెక్ చేస్తాం అని ముందే మెసేజ్ పెట్టారు. నాది రెండేళ్ళ కిందట కొన్న చవకది, నెలకోసారి ఆర్ఓ నీళ్ళ చుక్క వేసి సున్నా దగ్గర సెట్ చేస్తా, అంతకంటే ఏం కావాలి అనుకునేవాణ్ణి. అక్కడున్నాయన 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణం చుక్క వేసి చూడమన్నాడు. 38 చూపించింది. మళ్ళీ తుడిచి మళ్ళీ వేశాడు, మళ్ళీ 38. అప్పుడు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు, ఈ చవక మీటర్లు చాలావరకు ఉత్త సోడియం క్లోరైడ్ నీళ్ళకి గీతలు గీసినవి, సముద్రపు నీళ్ళకి కాదు, అందుకని సున్నా దగ్గర కరెక్టుగా ఉన్నా 35 దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర దాకా ఎక్కువ చూపిస్తాయి, దానికి తోడు గీతల్లో తేడా ఉంటే ఇంకా జరుగుతుంది, కాబట్టి మనం ఎక్కడ కొలుస్తామో అక్కడే సెట్ చేసుకోవాలి, సున్నా దగ్గర కాదు 35 దగ్గర. స్టాండర్డ్ బాటిల్ దొరక్కపోతే ఇంట్లోనే చేసుకునే దారి కూడా చెప్పాడు, 36.5 గ్రాముల శుద్ధమైన ఉప్పు 963.5 గ్రాముల ఆర్ఓ నీళ్ళలో కరిగిస్తే అది రిఫ్రాక్టోమీటర్లో 35 పీపీటీ సముద్రపు నీళ్ళలాగే కనిపిస్తుంది, అయితే వంటింటి త్రాసు చాలదు, గ్రాములో పదో వంతు చూపించే బంగారం తూచే లాంటిది కావాలి. ఆ ద్రావణం మీటర్ సెట్ చేయడానికి మాత్రమే, చేపల్ని దాంట్లో వేసేది కాదు.

ఇది విన్నాక నాకు పాత లెక్కలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆరు నెలల నుంచి నా ట్యాంకులో కాల్షియం 380 దగ్గరే ఆగిపోతోంది, మెగ్నీషియం 1180 దాటదు, నేను సాల్ట్ బ్రాండ్‌ని అనుమానించా, టెస్ట్ కిట్‌ని అనుమానించా, డోసింగ్ (ఆ ఖనిజాల ద్రావణాలు రోజూ పోయడం) పెంచా, తగ్గించా, రాత్రిళ్ళు కూర్చుని కాగితం మీద లెక్కలు. అసలు ఉప్పే తక్కువైతే అందులో కలిసున్నవన్నీ అదే పాళ్ళలో తక్కువ ఉంటాయి కదా, 420 ఉండాల్సింది 35కి 32 చొప్పున వేసుకుంటే సరిగ్గా ఆ 380 చిల్లరే వస్తోంది. పక్క టేబుల్ మీద హానా చెకర్లు, సాలిఫర్ట్ కిట్లు పెట్టి మనం సీసాలో తెచ్చుకున్న నీళ్ళు టెస్ట్ చేసి చేత్తో రాసి ఇచ్చారు, వాళ్ళ కాగితం మీద కూడా అవే అంకెలు. మాస్టారు నా భుజం మీద చెయ్యేసి "జబ్బు ఒకటే బాబూ, నువ్వు లక్షణాలకి మందేస్తున్నావ్" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తోంది.

పదకొండున్నరకి నీళ్ళ మీద సెషన్. ప్రశ్నలు బాగా వచ్చాయి, అన్నీ మన జిల్లా ప్రశ్నలే. ఒకావిడ లేచి, హుమ్మాలో మనకి ఉప్పు పండుతోంది కదా, వేలకి వేలు పోసి బకెట్ సాల్ట్ ఎందుకు కొనాలి, ఆ ఉప్పు కలిపితే సరిపోదా అని అడిగింది. నాకూ ఎప్పట్నుంచో ఉన్న డౌటే. చెప్పింది ఏంటంటే, మడిలో సముద్రపు నీళ్ళు ఎండుతున్నప్పుడు ముందు సున్నం లాంటి కాల్షియం కార్బొనేట్ అడుక్కి దిగుతుంది, తర్వాత జిప్సం దిగుతుంది, ఆ తర్వాతే తెల్లటి ఉప్పు గడ్డ కడుతుంది, మిగిలిన చేదు నీళ్ళలో మెగ్నీషియం, పొటాషియం ఉండిపోతాయి, ఆ నీళ్ళని పారబోస్తారు. అంటే ఉప్పు పండించడమంటేనే పగడాలకి కావాల్సినవి తీసేసి సోడియం క్లోరైడ్ మిగుల్చుకోవడం. కూరకి బంగారం, ట్యాంకుకి పనికిరాదు. ఇంత శుభ్రంగా ఈ విషయం నాకు ఎవ్వరూ చెప్పలేదు.

రెండో ప్రశ్న గోపాలపూర్ నీళ్ళు. పదిహేను కిలోమీటర్లలో సముద్రం పెట్టుకుని కొనుక్కోవడం ఏంటని అందరికీ ఉంటుంది. వానలు తగ్గాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తరాన గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్ళన్నీ కలిసి తీరం వెంబడే దక్షిణానికి దిగుతాయి, ఆ నెలల్లో మన ఒడ్డున పైనీళ్ళు పల్చగా ఉంటాయి, పైగా మనకి ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు దగ్గరే. ఎండాకాలం నీళ్ళు మేలు, అయినా వడకట్టి, చీకట్లో కొన్నాళ్ళు నిల్వ ఉంచి, కొలుచుకుని వాడాలి అన్నారు. ఇసుక గురించి అడిగినవాళ్ళకి ఒక్క మాటే, వద్దు. మన ఒడ్డున ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు ఉంటాయి, ఛత్రపూర్ దగ్గర ఐఆర్ఈఎల్ అనే ప్రభుత్వ కంపెనీ తవ్వేది దానికోసమే, ట్యాంకుకి కావాల్సింది గవ్వలూ పగడాలూ అరిగి తయారైన అరగొనైట్ ఇసుక.

స్టాళ్ళ సంగతి. అన్నిట్లోకీ నాకు నచ్చింది క్లౌన్ ఫిష్ పెట్టిన స్టాల్, అన్నీ ట్యాంకులో పుట్టినవే, సముద్రంలో పట్టినవి ఒక్కటీ లేదు, ప్రతి తొట్టి మీదా స్టిక్కర్, ఎప్పుడు వచ్చింది, ఉప్పు ఎంత, ఏం తింటోంది అని. మన దేశంలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు మండపం, విళింజం సెంటర్లలో క్లౌన్ పిల్లల్ని పెంచే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు, అయినా సముద్రంలో పట్టిన చేపే గట్టిది అని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళని ఈ స్టాల్ ముందు నిలబెట్టాలి, పలకరిస్తే పైకొచ్చి గుళికలు తింటున్నాయి. ఒక పాప వాళ్ళ నాన్నని ఇందులో ఆడది ఏది అని అడుగుతోంది, స్టాల్ అబ్బాయి కింద కూర్చుని చెప్పాడు, అన్నీ మగవిగానే పెరుగుతాయమ్మా, జంటలో పెద్దది ఆడదవుతుంది, అది పోతే తర్వాతది ఆడదవుతుంది అని. పాప అయిదు నిమిషాలు కదల్లేదు.

నచ్చనిది కూడా రాయాలి. ఒక అమ్మకందారు ముందురోజు రాత్రి ప్యాక్ చేసిన సంచులు అలాగే నేలమీద కిటికీ ఎండలో పెట్టాడు, పన్నెండింటికి కూడా చేపలు సంచుల్లోనే. కొన్నవాళ్ళకి ఇంటికెళ్ళి రెండు గంటలు డ్రిప్ వెయ్యండి (సంచి నీళ్ళలోకి ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా వదలండి) అని చెప్తున్నాడు. చాలాసేపు సంచిలో ఉన్న చేపకి అది ప్రమాదం, మూసున్నంతసేపు కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువుండి అమోనియా అంత హాని చెయ్యదు, సంచి విప్పగానే ఆ గాలి పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమోనియా అప్పుడు విషమవుతుంది, అందులోనే గంటలు ఉంచితే చేప ఆ విషంలో నానుతుంది. ముందే సంచి నీళ్ళ ఉప్పు అడిగి క్వారంటైన్ తొట్టిని దానికి సరిపెట్టుకుని, వేడి సమానం అయ్యాక త్వరగా మార్చెయ్యాలి. మా బావ మర్యాదగానే చెప్పాడు, ఆయన వినలేదు. నిర్వాహకులకి చెప్తే వచ్చి సంచులు నీడలోకి మార్పించారు, అది మెచ్చుకోవాలి. అయితే అదే టేబుల్లో నీలం టాంగ్‌ని రెండడుగుల ట్యాంకున్న కుర్రాడికి ఏమీ అడక్కుండా అమ్మేశారు, అడుగు దాకా పెరిగే చేప అది, రోజంతా ఈదుతుంది. చేప అమ్మే ముందు ట్యాంకు ఎంత, ఎన్నాళ్ళది అని అడగాలి అనే రూల్ వచ్చేసారి పెట్టాలి.

గట్టి పగడాల విషయంలో మాత్రం నిర్వాహకులు గట్టిగా ఉన్నారు. మన సముద్రాల గట్టి పగడాలు, సీ హార్సులు, సీ కుకుంబర్లు 2001లోనే 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోకి వెళ్ళాయి, కచ్, మన్నార్, లక్షద్వీప్, అండమాన్ ఎక్కడ్నుంచి తెచ్చినా నేరమే, చచ్చిన ముక్క షోకేసులో పెట్టుకున్నా సరే. ఈ మాట గుమ్మంలోనే ఒడియాలో తెలుగులో రాసి పెట్టారు. విదేశాల నుంచి దిగుమతి అయినవి అయితే కాగితాలు చూపించాలి. దాంతో ఫ్రాగ్‌ల (పెంచుకోవడానికి తుంచిన పగడం ముక్కల) మార్పిడిలో అన్నీ మెత్తటి పగడాలే, మష్రూమ్‌లు, లెదర్‌లు, జోయాలు, జీనియా.

భోజనం టికెట్‌లోనే, అన్నం, డాల్మా, టమాటా ఖట్టా, వంకాయ వేపుడు. వేడిగా ఉంది, సరిపడా పెట్టారు.

రెండింటికి తుఫాను సెషన్. దీనికోసమైనా ఇంకోసారి వెళ్తా. వేదిక మీద ఎక్స్‌పర్ట్ ఎవ్వరూ లేరు, తుఫానులో ట్యాంకు పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి మైకు తీసుకోండి అన్నారు అంతే. ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకాయన లేచి 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి చెప్పాడు, తర్వాత మా మాస్టారు లేచారు. మూడేళ్ళుగా పరిచయం, ఈ కథ ఆయన మాకెప్పుడూ చెప్పలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటింది, ఆ గాలి పర్లాకిమిడి మీదుగా వెళ్ళింది. కరెంటు రాత్రే పోయింది. మాస్టారి దగ్గర బ్యాటరీ ఎయిర్ పంప్ ఒక్కటి, సెల్స్ రెండో రోజు సాయంత్రానికి అయిపోయాయి, చెట్లు పడి రోడ్లు లేవు, షాపులు లేవు. ఆయనా ఆవిడా వంతులేసుకుని రాత్రంతా చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నారు. మూడో రోజు పొద్దున్నకి నీళ్ళు తెల్లగా మసకబారాయి. ఒక్క డామ్సెల్ చేప మిగిలింది. "నేను చేసిన తప్పు ఒకటుంది, తుఫాను వస్తోంది, మళ్ళీ ఎప్పుడు పెడతానో అని ముందురోజు కడుపునిండా తిండి పెట్టాను" అన్నారు. హాల్లో ఎవ్వరూ మాట్లాడలేదు కాసేపు.

ఆ తర్వాత అందరూ కలిసి ఒక్కొక్కటీ చెప్పడం మొదలెట్టారు, నేను పుస్తకంలో రాసుకున్నది ఇక్కడ పెడుతున్నా, మన తీరంలో ట్యాంకున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది. తుఫాను హెచ్చరిక రాగానే తిండి ఆపెయ్యాలి, పెద్ద చేప వారం ఆగగలదు, తిండి పెడితే ఊపిరికీ మురికికీ ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. కరెంటు ఉండగానే నీళ్ళు మార్చేసి, ఉప్పు కలిపిన నీళ్ళు డ్రమ్ములో పెట్టుకోవాలి. ముందు చచ్చేది ఆక్సిజన్ లేకే, ఎందుకంటే 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళలో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పడితే సముద్రపు నీళ్ళలో 7 కూడా పట్టదు, 30 డిగ్రీలకి వెళ్తే 6 చిల్లరకి పడిపోతుంది. కాబట్టి లైట్లు అక్కర్లేదు, స్కిమ్మర్ అక్కర్లేదు, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ఎలాగూ లాగలేం, ఒక్క వేవ్‌మేకర్ (అలలు రేపే చిన్న పంపు) పైనీళ్ళని కదుపుతూ ఉంటే చాలు. ఇంటి ఇన్వర్టర్ మీద పెడితే ఆ ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉండటానికే కరెంటు తింటుంది, పది వాట్ల పంపు కంటే అదే ఎక్కువ తాగొచ్చు, అందుకని డీసీ వేవ్‌మేకర్‌ని నేరుగా బ్యాటరీకి తగిలించుకునే వైరు ముందే చేయించుకుంటే అదే 150 ఏహెచ్ బ్యాటరీ రోజుల తరబడి లాగుతుంది. ఆఖరుది నాకు అస్సలు తెలియదు, కరెంటు వచ్చాక ఆగిపోయిన క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే మూత డబ్బా ఫిల్టర్) స్విచ్ వెంటనే వెయ్యకూడదు, లోపల గాలాడని నీళ్ళలో కుళ్ళిన గుడ్డు వాసన విషం తయారై ఉంటుంది, ఆ నీళ్ళు పారబోసి కడిగాకే వెయ్యాలి. బతికి బయటపడ్డ చేపలు కరెంటు వచ్చిన రోజే చచ్చిపోయాయని ఇద్దరు చెప్పారు, ఎందుకో వాళ్ళకి ఆ హాల్లోనే అర్థమైంది.

నాలుగింటికి ఫ్రాగ్‌ల మార్పిడి. మాస్టారు థర్మకోల్ డబ్బాలో తెచ్చిన ఆకుపచ్చ మష్రూమ్‌లు నలుగురికి పంచారు, బదులుగా ఒక లెదర్ ముక్క తీసుకున్నారు. నేను చిన్న జోయా కాలనీ తీసుకున్నా. ఇచ్చినమ్మాయి గ్లవ్స్ వేసుకుని ఇచ్చింది, నాకూ వేయించింది, వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ ఉంటుంది, రాయిని వేడినీళ్ళలో మరిగించి శుభ్రం చెయ్యడం ఎప్పుడూ చెయ్యొద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైనవాళ్ళు ఉన్నారు అని చెప్పి ఇచ్చింది. చేపలు లేని తొట్టిలో 76 రోజులు ఉంచి అప్పుడు మెయిన్ ట్యాంకులో వెయ్యి, తెల్లమచ్చల జబ్బు రాళ్ళ మీద కూడా ఎక్కి వస్తుంది అని కూడా చెప్పింది. ఇలా అన్నీ చెప్పి ఇచ్చేవాళ్ళు దొరకడం అదృష్టం.

లోపాలు ఇంకో రెండు. స్లయిడ్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఒక కుర్రాడు పక్కన నిలబడి ఒడియాలో తెలుగులో చెప్తూ చాలా కష్టపడ్డాడు, ముందే రెండు భాషల్లో కాగితాలు వేసి పంచితే బావుండేది, వచ్చినవాళ్ళలో చాలామంది షాపులు నడిపేవాళ్ళు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి చదువుకునేవాళ్ళు. రెండోది లక్కీ డ్రా, గంట పట్టింది, ఆ గంటలో చేపలు సంచుల్లో ఉన్నాయి, డ్రా ముందు పెట్టి అమ్మకం ఆఖర్న పెట్టాలి. నా మార్కులు ఐదుకి నాలుగు. వెళ్ళేవాళ్ళు రిఫ్రాక్టోమీటర్, అర లీటరు ట్యాంకు నీళ్ళు, థర్మకోల్ డబ్బా పట్టుకెళ్ళండి, నోట్లు కూడా ఉంచుకోండి, హాల్లో సిగ్నల్ రాక ఫోన్ పేమెంట్లు సగం ఫెయిలయ్యాయి.

సాయంత్రం నలుగురం గోపాలపూర్ వెళ్ళాం. లైట్‌హౌస్ కింద ఒడ్డున కొత్తగా సెట్ చేసిన మీటర్‌తో అల నీళ్ళు కొలిచాం, 31. మా బావ రెండుసార్లు చూసుకుని, నీళ్ళ సెషన్లో చెప్పింది కళ్ళతో చూశాం కదా అన్నాడు. ఇంటికొచ్చాక నా ట్యాంకు ఉప్పు ఒకేసారి పెంచలేదు, ఆవిరైన నీళ్ళకి బదులు ఆర్ఓ కాకుండా ఉప్పు కలిపిన నీళ్ళు పోస్తూ రోజుకి సగం పాయింటు కూడా దాటకుండా పది రోజుల్లో 35కి తెచ్చా. కాల్షియం దానంతటదే 415 అయింది, డోసింగ్ సగానికి తగ్గించా.

రాయగడ తమ్ముడు ఆ రోజు చేప ఒక్కటీ కొనలేదు, ఎండు రాళ్ళు, ఒక సీసా బ్యాక్టీరియా, సాల్ట్ బకెట్ పట్టుకెళ్ళాడు. నాలుగు వారాలైంది. నిన్న ఫోన్ చేసి, అమోనియా సున్నాకి వచ్చింది గానీ నైట్రైట్ ఇంకా ఉంది అన్నాడు. అదీ పోయేదాకా చేప వెయ్యకుండా ఆగు అన్నా. "ఆగుతున్నానన్నా, బ్యాటరీకి వైరు చేయిస్తున్నా ఈలోగా" అన్నాడు.